సున్నితత్వం నేరమా?

కొన్ని నెలల క్రితం ఒకరోజు అస్ర్ నమాజు తర్వాత ఒక పెద్దమనిషి నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. మా మస్జిద్‌కు క్రమం తప్పకుండా వచ్చే సోదరుడే. బియ్యం వ్యాపారం చేస్తారు. ఆయన కుమారుడు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, కొడుకు పంపిన సందేశం చూపించి, "మౌలానా, ఈ మాట తిట్టా, పొగడ్తా?" అని అడిగారు. ఆ మాట 'స్నోఫ్లేక్'.

జరిగింది ఇది. ఆ అబ్బాయితో పాటు అదే ఇంట్లో మరో ముగ్గురు విద్యార్థులు ఉంటున్నారు. వారిలో ఒకడు రోజూ ఇతని పేరును వంకరగా పలుకుతూ, ఫజ్ర్‌కు లేచి వుజూ చేసుకునే తీరును అనుకరిస్తూ మిగతావాళ్లను నవ్విస్తుంటాడట. నెల రోజులు ఊరుకున్న తర్వాత ఒకరోజు ఈ అబ్బాయి, "ఇక చాలు, నాకు బాధగా ఉంది" అని చెప్పాడు. దానికి వచ్చిన జవాబు ఆ ఒక్క మాట. అందరూ నవ్వారు. విషయం అంతటితో ముగిసిపోయింది.

"మరి మీరేమన్నారు?" అని అడిగాను.

"ఏమంటాను మౌలానా? మగపిల్లాడివి, ఇంత చిన్నమాటకే కందిపోతే ఎట్లారా, సబ్ర్ చెయ్యి అన్నాను. అప్పట్నుంచి నాకు ఫోన్ చేయడం తగ్గించేశాడు. వాళ్లమ్మతోనే మాట్లాడుతున్నాడు."

ఆ రోజు ఆయనకు మాట అర్థం మాత్రం చెప్పి పంపించాను. కానీ ఆయన అడగకుండా వదిలేసిన ప్రశ్న ఒకటి నా మనసులో ఉండిపోయింది. ఒక మనిషి "నాకు బాధ కలిగింది" అన్నప్పుడు, "నువ్వు మరీ సున్నితం" అనడం జవాబు అవుతుందా?

ముందు మాట సంగతి చూద్దాం. స్నోఫ్లేక్ అంటే ఆకాశం నుంచి రాలే మంచురేకు. మన కోస్తాలో పుట్టి పెరిగినవారికి ఇది కంటితో చూసిన వస్తువు కాదు. మనకు మంచు అంటే పుష్యమాసంలో పొలాల మీద పరుచుకునే పొగమంచు, గడ్డిపోచ మీద నిలిచే నీటిబొట్టు. చలిదేశాల్లో మేఘంలోని ఆవిరి ఒక సన్నని ధూళికణం చుట్టూ గడ్డకట్టి, ఆరు కోణాల స్ఫటికంగా పెరుగుతుంది. అది కిందికి దిగే దారిలో తగిలే చలిని బట్టి, తేమను బట్టి దాని ఆకారం మారుతూ పోతుంది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం జెరికో గ్రామానికి చెందిన విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి మంచురేకును ఫోటో తీశాడు. 1931లో చనిపోయేదాకా అదే పని. ఐదు వేలకు పైగా ఫోటోలు తీశాడు. ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవన్న మాట జనంలోకి వెళ్లడానికి ముఖ్య కారణం ఈ రైతే.

అక్కడి బడుల్లో, ఇళ్లల్లో పిల్లలకు ఇదే పోలికను ప్రేమగా చెప్పేవారు. నీలాంటివారు మరొకరు లేరు, నువ్వు మంచురేకు లాంటి దానివి అని. అంటే ఆ మాట పొగడ్తగానే బతికింది. దివ్యఖుర్ఆన్ చదివేవారికి ఈ భావం కొత్తదేమీ కాదు. మనుషుల భాషల్లో, రంగుల్లో ఉన్న తేడాలను అర్ రూమ్ సూరా అల్లాహ్ సూచనల్లో ఒకటిగా పేర్కొంటుంది. మనిషి వేలికొసలను సైతం తిరిగి సరిచేయగల శక్తి అల్లాహ్‌కు ఉందని అల్ ఖియామహ్ సూరా చెబుతుంది.

అయితే ఇదే మాటకు అంతకుముందే మరో చరిత్ర ఉంది. 1860ల ఆరంభంలో, అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మిస్సోరి రాష్ట్రంలో బానిసత్వాన్ని రద్దు చేయవద్దన్నవారిని 'స్నోఫ్లేక్' అని పిలిచేవారు. తెల్లవారి మేలే వీళ్లకు కావాలి అన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. బానిసలను వెంటనే విడుదల చేయాలన్నవారికి 'బొగ్గులు' అనీ, నెమ్మదిగా చేద్దామన్నవారికి 'బంకమట్టి గట్లు' అనీ పేర్లు పెట్టారు. వంద సంవత్సరాల తర్వాత 1970లలో ఇది తెల్లవారిని గానీ, తెల్లవారిలా మసలుతున్నాడని అనిపించుకున్న నల్లజాతి మనిషిని గానీ వెక్కిరించే మాటగా వినిపించింది. ఇప్పటి అర్థానికి దారి వేసింది ఛక్ పాలానిక్ అనే రచయిత 1996లో రాసిన 'ఫైట్ క్లబ్' నవల, 1999లో దాని ఆధారంగా వచ్చిన సినిమా. అందులో ఒక పాత్ర తన మనుషులతో, మీరేమీ అపురూపమైన మంచురేకులు కారు, అందరిలాగే కుళ్లిపోయే పదార్థమే అన్న అర్థంలో మాట్లాడుతుంది. బడిలో పిల్లలకు చెప్పిన పొగడ్త అక్కడ తలకిందులైంది. ఈ అర్థానికి మూలం తానేనని ఆ రచయిత 2017లో చెప్పుకున్నాడు.

2016 నాటికి బ్రిటన్, అమెరికాల్లో ఇది రోజువారీ ఆయుధమైపోయింది. ఆ ఏడాది కాలిన్స్ నిఘంటువు తాను ఎంపిక చేసిన మాటల్లో 'స్నోఫ్లేక్ తరం' అన్నదాన్ని చేర్చింది. పూర్వ తరాలకన్నా ఓర్పు తక్కువ, త్వరగా నొచ్చుకుంటారు అన్నది కొత్త తరం యువతపై ఆరోపణ. అమెరికా ఎన్నికల తర్వాత ఒక పక్షం రెండో పక్షాన్ని ఈ పేరుతో పిలిచింది. కొన్నాళ్లకు రెండో పక్షం అదే పేరును మొదటి పక్షం మీదికి విసిరింది. ఎవరి బాధ వారికి న్యాయం, ఎదుటివారి బాధ నాజూకుతనం!

2019 జనవరిలో బ్రిటిష్ సైన్యం కొత్త సైనికుల కోసం పోస్టర్లు వేసింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ప్రసిద్ధ పోస్టరు నమూనాలోనే, యువతను వెక్కిరించే పేర్లను పెద్ద అక్షరాలతో వేసి, వాటి కింద వారిలోని మంచి గుణాన్ని రాశారు. 'మంచురేకుల్లారా' అని పిలిచి, సైన్యానికి మీ కరుణ కావాలి అన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పోస్టరు మీద ముఖం ఉన్న సైనికుడే ఆ పేరుకు నొచ్చుకుని, సైన్యం వదిలేస్తానన్నాడని అప్పటి పత్రికలు రాశాయి. తుపాకీ పట్టినవాడికి కూడా పేరు గుచ్చుకుంటుంది.

ఇక మన మాటలకు వద్దాం. తెలుగులో 'ముట్టుకుంటే మాసిపోతాడు' అంటాం. 'గాజుబొమ్మ' అంటాం. ఉర్దూలో 'నాజుక్ మిజాజ్' అంటాం, 'ఛుయీముయీ' అంటాం. ఛుయీముయీ అంటే చెయ్యి తగిలితే ఆకులు ముడుచుకునే అత్తిపత్తి మొక్క. ఆశ్చర్యమేమంటే ఇదే తెలుగులో 'ఆయన మాటపడే మనిషి కాదు' అన్నది గౌరవంగా చెప్పే మాట. ఊరి పెద్ద మాటపడకపోతే పౌరుషం. ఇంటి కోడలు మాటపడకపోతే 'ఈ కాలపు పిల్లలకు ఓర్పు లేదు'. మనసు ఒకటే, గాయం ఒకటే. గాయపడిన మనిషి స్థాయిని బట్టి మనం పేరు మారుస్తాం. అమెరికా వాడిని తప్పుపట్టే ముందు మన ఇంటి వంటగదిలో ఈ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో ఆలోచించాలి.

పెళుసైన వస్తువుతో మనిషిని పోల్చడం హదీసుల్లో కూడా ఉంది. అది చదివినప్పుడు ఈ విషయమంతా నాకు మరో రకంగా కనిపించింది.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఒక ప్రయాణంలో స్త్రీలు ఎక్కిన ఒంటెలను అంజషా అనే యువకుడు నడుపుతున్నాడు. అతని గొంతు చాలా మధురమైనది. అరబ్బులు ఒంటెలను నడిపేటప్పుడు పాడే పాటను అతను ఎత్తుకుంటే ఒంటెలు వేగం అందుకునేవి. అలా ఒంటెలు పరుగు తీస్తుండగా దైవప్రవక్త (స) అతన్ని పిలిచి, గాజుపాత్రలున్నాయి, మెల్లగా తోలమని చెప్పారు. గాజుపాత్రలంటే ఆ ఒంటెల మీద ఉన్న స్త్రీలు. ఒంటె వేగానికి వారు కింద పడతారన్నది ఆయన ఆందోళన అని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. ఆ పాట మాధుర్యానికి వారి మనసులు చలిస్తాయేమోనన్నది ఉద్దేశమని మరికొందరు రాశారు. ఉల్లేఖకుల్లో ఒకరైన అబూ ఖిలాబా (రహ్మ) దీని దగ్గర ఆగి, ఇలాంటి మాట మీలో మరెవరైనా అని ఉంటే మీరు తప్పుపట్టేవారే సుమా అన్న భావంలో ఒక వ్యాఖ్య చేశారు. అంటే మనుషుల్ని గాజుతో పోలిస్తే అది వెక్కిరింతగా మారే ప్రమాదం ఆ కాలంలోనే తెలుసు.

అది వెక్కిరింత ఎందుకు కాలేదు? మాట ఎవరితో అన్నారో చూడండి. దైవప్రవక్త (స) స్త్రీల వైపు తిరిగి 'మీరు గాజుపాత్రలు, కాస్త గట్టిపడండి' అనలేదు. ఒంటెలు తోలేవాడి వైపు తిరిగి 'మెల్లగా' అన్నారు. పెళుసుదనం చెప్పింది ఎదుటివారిని తక్కువ చేయడానికి కాదు, తోలేవాడి చేతిలో ఎంత బాధ్యత ఉందో గుర్తుచేయడానికి. స్నోఫ్లేక్ అన్న పిలుపు సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ ఒంటెలు తోలేవాడే వెనక్కి తిరిగి, పడిపోతున్నవారిని చూసి నవ్వుతున్నాడు.

ఇంకో సంగతి. బుఖారీలోని ఒక ఉల్లేఖనం ప్రకారం ఆ ప్రయాణంలో హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) కూడా ఉన్నారు. ఈమె హజ్రత్ అనస్ (రజి) తల్లి. హిజ్రీ 8వ సంవత్సరంలో హునైన్ యుద్ధం నాడు నడుముకు బాకు కట్టుకుని వచ్చింది ఈమే. ఇదెందుకని దైవప్రవక్త (స) అడిగితే, శత్రువు దగ్గరకు వస్తే పొట్ట చీల్చడానికి అని ఆమె జవాబిచ్చారు. ఆయన నవ్వారని ముస్లిం గ్రంథంలో ఉంది. గాజుపాత్ర అనిపించుకున్న స్త్రీ, బాకు పట్టిన స్త్రీ ఒక్కరే! సున్నితంగా ఉండేవారు పిరికివారని మనం అనుకోవడంలో పొరపాటు ఉంది.

ఉర్దూ చదివినవారికి మీర్జా మజ్‌హర్ జానె జానాఁ (రహ్మ) పేరు వినగానే నవ్వు వస్తుంది. 18వ శతాబ్దపు ఢిల్లీలో గొప్ప కవి, సూఫీ పండితుడు. ఆయన నాజుక్ మిజాజీ గురించి మా ఉస్తాదులు క్లాసులో చెప్పని సంవత్సరం లేదు. దుప్పటి కుట్లు వంకరగా ఉంటే రాత్రంతా నిద్ర పట్టేది కాదట. నీళ్లకుండ మీద మూత వంకరగా పెడితే తలనొప్పి వచ్చేదట. ఈ కాలంలో ఉంటే ఆయన్ను ఏమని పిలిచేవారో మీకే తెలుసు. 1781లో ఆయన్ను ఇంటి దగ్గరే కాల్చారు. గాయంతో మూడు రోజులు బతికి చనిపోయారు. ఆ స్థితిలో కూడా, తనను కాల్చినవారిని శిక్షించవద్దని, తాను క్షమించానని చెప్పినట్లు ఆయన జీవితం రాసినవారు చెబుతారు. మూత వంకరను ఓర్చుకోలేని మనిషి తూటాను ఓర్చుకున్నాడు. నేను ఈ కథను ఏళ్ల తరబడి నవ్వు కోసమే చెప్పాను. దాని రెండో సగం మీద ఎప్పుడూ ఆగలేదు.

ఇప్పుడు పేరు పెట్టడం గురించి. అల్ హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, నచ్చని పేర్లతో పిలుచుకోవడాన్ని నిషేధించాడు. దైవప్రవక్త (స) మదీనా వచ్చేసరికి బనూ సలిమా తెగలో ఒక్కొక్కరికి రెండేసి, మూడేసి పేర్లు ఉండేవి. ఆయన ఒకరిని ఒక పేరుతో పిలిస్తే, దైవప్రవక్తా, ఆ పేరంటే అతనికి కోపం అని పక్కవారు చెప్పేవారు. ఆ నేపథ్యంలో ఈ ఆయతు వచ్చిందని అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. ప్రతి మారుపేరూ నిషిద్ధం కాదు. 'అబూ తురాబ్' అంటే మట్టి తండ్రి. దైవప్రవక్త (స) ప్రేమతో పెట్టిన ఆ పేరు హజ్రత్ అలీ (రజి)కి చాలా ఇష్టం. హదీసు పండితుల్లో ఒకరు 'అల్ ఆమష్'గానే ప్రసిద్ధులు. చూపు మందగించినవాడని ఆ మాటకు అర్థం. మనిషిని గుర్తుపట్టడానికి మరో దారి లేనప్పుడు, కించపరిచే ఉద్దేశం లేనప్పుడు అలాంటి పేరును ధర్మవేత్తలు అనుమతించారు. కొలబద్ద ఒక్కటే. ఆ పేరు మోసేవాడికి అది ఇష్టమా, కష్టమా? పెట్టినవాడి సరదా లెక్కలోకి రాదు.

స్నోఫ్లేక్ అన్న పేరులో మామూలు మారుపేర్లలో లేని కీడు ఇంకొకటి ఉంది. కుంటివాణ్ణి కుంటివాడా అంటే అతను బాధపడతాడు, అభ్యంతరం చెబుతాడు. నలుగురు వింటారు. ఈ పేరు మాత్రం అభ్యంతరం చెప్పడాన్నే జబ్బుగా చూపిస్తుంది. 'నన్నలా పిలవొద్దు' అంటే, 'చూశారా, ఎంత నాజూకో!' అంటారు. నోరు తెరిస్తే పేరు నిజమవుతుంది, మూసుకుంటే ఎగతాళి కొనసాగుతుంది. ఈ గొడవలో అసలు విషయం మాయమైపోతుంది. ఆ అబ్బాయి పేరును వంకరగా పలకడం సరైనదా కాదా అన్న ప్రశ్నను ఆ ఇంట్లో ఎవరూ వేసుకోలేదు. అన్నవాడిపై జరగవలసిన విచారణ పడ్డవాడి మీద జరిగింది.

హజ్రత్ అబూ జర్ (రజి) ఒకసారి ఒకరిని అతని తల్లి పేరెత్తి దూషించారు. బుఖారీ ఉల్లేఖనంలో ఆ మనిషి పేరు లేదు. అతను హజ్రత్ బిలాల్ (రజి) అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. సంగతి దైవప్రవక్త (స) దాకా వెళ్లింది. ఆయన దెబ్బతిన్న మనిషిని పిలిచి ఓర్చుకోమనలేదు. అబూ జర్ (రజి)ను పిలిచి, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందన్నారు. ఆ మాట అబూ జర్ (రజి) మీద ఎలా పనిచేసిందో అదే హదీసు మొదట్లో కనిపిస్తుంది. ఎన్నో ఏళ్ల తర్వాత రబజా అనే ఊళ్లో ఆయన్ను చూసిన ఒకాయన, యజమాని ఒంటి మీద ఎలాంటి వస్త్రం ఉందో సేవకుడి ఒంటి మీద కూడా అలాంటిదే ఉండటం చూసి ఆశ్చర్యపోయి కారణం అడిగారు. అందుకు జవాబుగా అబూ జర్ (రజి) ఈ పాత సంగతి స్వయంగా చెప్పుకున్నారు.

మరైతే ఓర్పు అక్కర్లేదా అని అడుగుతారు. అడగాలి కూడా. పేరు పెట్టేవారి వాదనలో నిజం బొత్తిగా లేదనడం నిజాయితీ కాదు. తన అభిప్రాయానికి భిన్నమైనది వినిపిస్తే చాలు, గాయపడ్డానని గోల చేసేవారు ఉన్నారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఒక ఉపన్యాసం జరగనివ్వకుండా చేసినవారూ ఉన్నారు. మనలోనూ తక్కువేం లేరు. ఎదుటివాడు మర్యాదగా ఒక ప్రశ్న వేసినా మనోభావాలు దెబ్బతిన్నాయంటాం. మన బాధ చెప్పుకోవడానికి ఊరేగింపు తీస్తాం, పక్కింటివాడి బాధ వింటే 'ఇంత దానికేనా?' అంటాం. బలమైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టుడని ముస్లిం గ్రంథంలో హదీసు ఉంది. వ్యాయామశాల గోడల మీద కూడా దాన్ని రాస్తున్నారు. అయితే ఆ వెంటనే, బలహీనుడిలోనూ మేలు ఉందన్న భాగం ఒకటుంది. ఆ భాగాన్ని గోడ మీద నేనెక్కడా చూడలేదు.

ఓర్పు గురించి నాకు అర్థమైంది చెబుతాను. అన్నిసా సూరా 148వ ఆయతు ప్రకారం చెడును బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదు. అయితే అన్యాయానికి గురైనవాడికి మినహాయింపు ఉంది. అష్ షూరా సూరాలో, అన్యాయం జరిగాక తన హక్కు అడిగేవాడిపై నింద లేదని ఒకచోట ఉంది. రెండు ఆయతుల తర్వాత, సహించి క్షమించడం గొప్ప దృఢత్వమని ఉంది. వరుస గమనించండి. ముందు హక్కు, తర్వాత క్షమ. హక్కు లేని చోట క్షమ అనే మాటకే అర్థం ఉండదు. ఆ హక్కును వదులుకోవాలా వద్దా అని నిర్ణయించేది గాయపడినవాడే. కొట్టినవాడు వచ్చి 'సబ్ర్ చెయ్యి' అంటే అది నసీహత్ కాదు, రెండో దెబ్బ.

సమాధి దగ్గర ఏడుస్తున్న ఒక స్త్రీని దైవప్రవక్త (స) ఓర్పు వహించమన్నారు. ఆయన ఎవరో తెలియక ఆమె, నా కష్టం మీకు రాలేదుగా, వెళ్లండి అని కసిరింది. ఆయన ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఓర్పు గురించి చెప్పినవారే అక్కడ ముందుగా ఓర్చుకున్నారు. ఓర్పు బోధించే ప్రతి తండ్రీ, ప్రతి అత్తగారూ, నాలాంటి ప్రతి మౌల్వీ ఈ హదీసును రెండోసారి చదవాలి.

నాలాంటి మౌల్వీ అని ఊరికే అనలేదు. నేను మదరసాలో చేరినప్పుడు నా ఉర్దూ సగం తెలుగు. మొదటి సంవత్సరమంతా నా ఉచ్చారణ మీద వేళాకోళాలు పడ్డాను. రాత్రి దుప్పట్లో ఏడ్చేవాణ్ణి, పగలు నవ్వేవాణ్ణి. ఐదేళ్లు గడిచాయి. నేను పెద్ద విద్యార్థినయ్యాను. అప్పుడు ప్రకాశం జిల్లా నుంచి పదకొండేళ్ల పిల్లవాడొకడు చేరాడు. వాడి ఉర్దూ కూడా నా పాత ఉర్దూ లాంటిదే. మాట తడబడితే అందరూ నవ్వేవారు. వాడు వెంటనే తలవంచి మోకాళ్లలో ముఖం దాచుకునేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర నేను వాడికి 'ఛుయీముయీ' అని పేరు పెట్టాను. హాస్టలంతా నవ్వింది. పెద్దవాణ్ణయ్యానన్న గర్వం ఆ రోజు నాకు బాగా గుర్తుంది. వాడి ఖిరాఅత్ చాలా బాగుండేది. ఆ తర్వాత వాడు నలుగురిలో గొంతెత్తి చదవడం మానేశాడు. ఉస్తాద్ ఎన్నిసార్లు అడిగినా గొంతు బాగోలేదనేవాడు. ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు అప్పట్లో తట్టలేదు. తట్టినా, 'ఇంత చిన్నమాటకేనా?' అని ఉండేవాణ్ణి.

బియ్యం వ్యాపారి సోదరుడు వచ్చి వెళ్లిన రాత్రి నాకు ఈ పిల్లవాడే గుర్తుకొచ్చాడు. మరుసటి జుమా తర్వాత ఆ సోదరుణ్ణి ఆపి, "మీ అబ్బాయికి సబ్ర్ గురించి తర్వాత చెబుదురు గానీ, ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో మొత్తం చెప్పమనండి. మధ్యలో ఏమీ అనకుండా వినండి" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నేనూ వాళ్లలాగే అన్నానా మౌలానా?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి గంటసేపు మాట్లాడారట. అబ్బాయి ఇల్లు మారే ఆలోచనలో ఉన్నాడని, డబ్బు కోసం ఆగాడని అప్పుడు తెలిసిందట. "నెల రోజులు మోశాడు మౌలానా, ఒక్కమాట చెప్పలేదు. వాణ్ణి పట్టుకుని ఓర్పు లేదన్నాను" అని ఆయన తర్వాత నాతో అన్నారు.

నా బాకీ నాకు ఉండనే ఉంది. గత సంవత్సరం నరసరావుపేటలో ఒక నికాహ్‌కు వెళ్లాను. భోజనాల దగ్గర వెనక నుంచి ఎవరో "ఛుయీముయీ భాయ్, ఇటు రండి" అని పిలిచారు. తిరిగి చూస్తే అతనే. బట్టల దుకాణం నడుపుతున్నాడట. గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. పక్కన ఏడెనిమిదేళ్ల కొడుకు. నేను పెట్టిన పేరు నేను మరచిపోయాక కూడా ఇన్నేళ్లు అతనితోనే తిరుగుతోంది. ఇప్పుడు అతని కొడుకు ఎదుట కూడా.

సలాం చెప్పి, పక్కకు తీసుకెళ్లి, ఆ పేరు పెట్టింది నేనేనని, నన్ను క్షమించమని అడిగాను. అతను వెంటనే ఏమీ అనలేదు. కొడుకు చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత, "వీడి ఖిరాఅత్ ఒకసారి వినండి మౌలానా. బాగా చదువుతాడు. నలుగురిలో చదవమంటే సిగ్గుపడతాడు" అన్నాడు. ఆ పందిట్లోనే ఒక మూల చాప మీద ముగ్గురం కూర్చున్నాం. పిల్లవాడు తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, చాలా మెల్లగా మొదలుపెట్టాడు.